పాత స్టాక్ కారు ఇంజన్ పాఠాలు – 4: మలుపులో నూనె ఎటు పోతుంది?

గత పాఠంలో క్రాంక్ షాఫ్టుకూ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు), దాన్ని మోసే బేరింగుకూ మధ్య సందు కొలిచాం. ఆ సందును నింపి, లోహానికి లోహం తగలకుండా కాపాడేది నూనె. ఆ నూనె అసలు పంపు నోటికి అందుతోందా? ఈ పాఠం దాని గురించే.

అమెరికాలో స్టాక్ కార్లకు, అంటే మామూలు కార్ల రూపంలో ఉండే పందెపు కార్లకు, జరిగే డేటోనా 500 పందేన్ని తీసుకుందాం. 1964లో దాన్ని రిచర్డ్ పెటీ 426 హెమీ అనే ఇంజనున్న ప్లిమత్ కారుతో గెలిచాడు. ఆ ట్రాక్ మలుపుల వాలు 31 డిగ్రీలు, వ్యాసార్ధం సుమారు 300 మీటర్లు. అక్కడ గంటకు 275 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు నెట్టే బలం బరువుకు దాదాపు రెండింతలవుతుంది. అంటే నూనె మట్టం 63 డిగ్రీల దాకా ఒరుగుతుంది. అందులో 31 డిగ్రీలు ట్రాక్ వాలుకే సరిపోతాయి. మిగిలిన 32 డిగ్రీల ఒరుగు మన ఆయిల్ చాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టిలో, కనిపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక పళ్ళెంలో కాస్త నూనె పోసి అంత వాలుకు ఎత్తి చూడండి. ఒక అంచున నూనె గుమిగూడుతుంది, రెండో అంచున పళ్ళెం అడుగు తేలుతుంది. పంపు నూనెను పీల్చే జాలీ మూతి, అంటే స్ట్రైనర్, ఆ తేలిన చోట ఉంటే పంపు గాలి పీలుస్తుంది. మలుపు దాటడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది. నిమిషానికి 7000 చుట్ల వేగంలో ఆ కాస్త సమయంలోనే క్రాంక్ 1400 సార్లు తిరుగుతుంది. మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు వణికిందంటే గేజీని అనుమానించకండి, ముందు చాంబర్ విప్పండి.

ఇలాంటి ఓవల్ ట్రాకుల మీద ఈ కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి కాబట్టి నూనె కుడికి పోతుంది. అందుకే పందెపు చాంబర్లను కుడివైపు ఉబ్బుగా చేస్తారు. లోపల కీలు మీద ఆడే చిన్న తలుపులుంటాయి. అవి స్ట్రైనర్ వైపు మాత్రమే తెరుచుకుంటాయి, వచ్చిన నూనెను వెనక్కి పోనివ్వవు.

చాలామంది మొదట పెద్ద పంపు కొంటారు. నా దృష్టిలో అది తప్పు. అది నూనెను మరింత త్వరగా పైకి తోడేసి చాంబర్‌ను ఖాళీ చేస్తుంది.

ఇక మీ పని. పిల్లలు బొమ్మలు చేసే మెత్తని మట్టి ముద్దను స్ట్రైనర్ మూతి మీద అంటించండి. ప్యాకింగ్ పెట్టి చాంబర్ బోల్టులన్నీ బిగించి, మళ్ళీ విప్పండి. నలిగిన మట్టిని బ్లేడుతో నిలువుగా కోసి మందం కొలవండి. 6 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరే. తక్కువైతే నూనె లోపలికి రావడానికి దారి ఇరుకవుతుంది, ఎక్కువైతే మట్టం కాస్త తగ్గగానే గాలి దూరుతుంది. ప్యాకింగ్ లేకుండా కొలిస్తే లెక్క తప్పుతుంది. కొలత అయ్యాక మట్టిని ఒక్క రవ్వ కూడా మిగల్చకుండా తుడిచేయండి, లేకపోతే అది జాలీలో ఇరుక్కుంటుంది.

వచ్చే పాఠంలో 1965 నాటి ఫోర్డ్ 427 సైడ్ ఆయిలర్ బ్లాకు విప్పుదాం. అందులో నూనె వాల్వులను తెరిచే కామ్ షాఫ్టు కన్నా ముందు క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులకు చేరుతుంది.