చోళ్ళ పళ్ళెం తోసేస్తున్నాడా? స్పర్శ ఆటల్లో వచ్చే చిక్కులు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్ళల్లో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం) ఉన్న పిల్లలకు స్పర్శ ఆటలు, అంటే చేత్తో తాకి ఆడే ఆటలు పెట్టాలంటే ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. చోళ్ళు (రాగులు), ఏటి ఇసుక, సగ్గుబియ్యం చాలు. చిక్కంతా పెట్టే తీరులోనే వస్తుంది.

సమస్య: పళ్ళెంలో చోళ్ళు పోసిస్తే చెయ్యి లాక్కుని ఏడుస్తాడు.

కారణం: దాన్ని మొండితనం అనుకోకండి. కొందరికి మామూలు స్పర్శ కూడా గుచ్చుకున్నట్టే ఉంటుంది. చెయ్యి పట్టుకుని ముంచితే భయం ముదురుతుంది.

పరిష్కారం: చోళ్ళు మందపాటి జిప్ కవర్లో పోసి, మూతి టేపుతో అంటించి ఇవ్వండి. పైనుంచి నొక్కుతూ, గింజలు జారుతుంటే చూస్తాడు. అది అలవాటయ్యాక గరిటె, గిన్నె. వేళ్ళు చివర్లో. ముడిచిన గుప్పిట విప్పి ఒక్క వేలు పెట్టినా ఆ రోజుకి చాలు, ఇంకా పెట్టమని బతిమాలొద్దు. పక్కనే తుండుగుడ్డ ఉంచండి. ఎప్పుడంటే అప్పుడు తుడుచుకోవచ్చని తెలిస్తే ధైర్యం వస్తుంది. వాడు ఒప్పుకుంటే ఆటకు ముందు అరచేతులు నిదానంగా, కాస్త గట్టిగా ఒత్తండి. పైపైన నిమరడం కన్నా ఆ ఒత్తిడే చాలామందికి హాయి.

సమస్య: పాప ఏదిచ్చినా నోట్లో పెట్టుకుంటుంది.

గింజలన్నీ తీసెయ్యండి. గొంతులోనో ముక్కులోనో ఇరుక్కుంటే ప్రమాదం. మెత్తగా ఉడికి చల్లారిన సగ్గుబియ్యం, పెరుగు, చోడి అంబలి పెట్టండి. మింగడం కష్టమైన పిల్లలకైతే ఇవి కూడా థెరపిస్టుని అడిగాకే. ఎర్రగా ముద్దొస్తున్నాయని గురివింద గింజలు, నున్నగా ఉన్నాయని ఆముదం గింజలు మాత్రం ఏ పిల్లల ఆటలోనూ వాడకండి. నమిలితే ప్రాణం మీదికొస్తుంది.

సమస్య: ఉయ్యాల దిగాక మరీ గోల.

గిరగిరా తిప్పడం వల్ల కావచ్చు. ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపండి. తర్వాత బరువు పని చెప్పండి: చెంబుతో నీళ్ళు మోయడం, చపాతీ పిండి పిసకడం. మూర్ఛలుంటే ముందు డాక్టరుని అడగండి.

సమస్య: ఇంట్లో ఆడతాడు, అంగన్‌వాడీలో ముడుచుకుపోతాడు.

ఇంట్లో తెలుగు, అక్కడ ఒడియా, దానికి తోడు సందడి. "పోసెయ్", "ఆపు" లాంటి నాలుగు మాటలకి రెండుచోట్లా ఒకే చేతి సైగ ఉండేలా అంగన్‌వాడీ దిద్దీతో (అక్కడి టీచరుతో) మాట్లాడుకోండి. మూలన చాప వేయించి, ఇంట్లో ఆడే గిన్నే గరిటే అక్కడికీ పంపండి.

వారాలు గడిచినా తిండి, నిద్ర చెడుతుంటే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు పరీక్షలు ఉచితం. వాడు ఏం తాకితే ఏం చేశాడో రాసిన కాగితం వెంట తీసుకెళ్తే డాక్టరుకి ఎంతో సాయం.