పారిస్ రెసిడెన్సీకి మృదంగం పట్టుకుని వస్తున్నారా, ముందు ఇది చదవండి

పారిస్‌లో మూడు నెలల రెసిడెన్సీ, అంటే కళాకారులు ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే చోటు, వచ్చిందని చెప్పగానే మా ఇంట్లోవాళ్లతో సహా అందరూ అడిగింది ఒకటే, "ఎవరికి వాయించడానికి వెళ్తున్నావు?" అని. పక్కవాద్యం వాణ్ని అడగాల్సిన ప్రశ్నే అది. పాతికేళ్లుగా ఎవరో ఒకరి పక్కన కూర్చుని వాళ్ల కృతికి, వాళ్ల నడకకి వాయించినవాడు ఒక్కడే విమానమెక్కి ఏం చేస్తాడు? జవాబు నాకూ తెలియదు. అక్కడికెళ్లి నెల గడిచాక కొంచెం తెలిసింది. వీణ, వయొలిన్, గాత్రం వాళ్లకి కూడా ఇందులో చాలా మటుకు పనికొస్తుంది గానీ నేను రాస్తున్నది మాత్రం నాలాగా మృదంగమో ఘటమో పట్టుకుని ఒంటరిగా దిగేవాళ్ల కోసం.

నేనున్నది సితే ఆంతెర్నాసియొనాల్ దెజార్‌లో. అందరూ సితే అనే అంటారు. 1965లో మొదలైంది. మరే పేటలో, సేన్ నది ఒడ్డునే ఉంటుంది, కిటికీలోంచి చూస్తే అవతల సాన్ లూయీ దీవి. మెట్రో స్టేషన్ పోన్ మరీ, 7వ లైను. మోన్‌మార్త్ర్ కొండ మీద వీళ్లకి ఇంకో ఆవరణ ఉంది, రెండూ కలిపి 300కు పైగా స్టూడియోలు. చిత్రకారులు, శిల్పులు, రచయితలు, డాన్సర్లు, సంగీతం వాళ్లు, ఏ దేశం కావాలంటే ఆ దేశం. స్టూడియో అంటే పడక, చిన్న వంటిల్లు, పని చేసుకునే గది అన్నీ కలిసే ఉంటాయి. హోటల్ అనుకుని రాకండి. పొద్దున్నే ఎవరూ వచ్చి దుప్పటి మార్చరు.

వీసా గురించి ఎక్కువ చెప్పను, ఎవరి కేసు వాళ్లది. మూడు నెలలు దాటితే లాంగ్ స్టే వీసా తీసుకోవాలి, వాటిలో చాలావాటిని దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. మర్చిపోతే వీసా ఉన్నా లేనట్టే. మూడు నెలల లోపైతే యూరప్ దేశాల్లో చాలావాటికి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా, 180 రోజుల్లో 90 రోజులు. ఆ 90లో మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో బెర్లిన్‌లోనో ఎవరో తెలిసినవాళ్లు పిలిస్తే వెళ్లొచ్చిన రోజులూ కలుస్తాయి. వచ్చిన రోజు, వెళ్లే రోజు కూడా లెక్కే. అందుకని తిరుగు టికెట్ 90వ రోజుకి కాకుండా రెండు మూడు రోజులు ముందుకి వేసుకోండి.

ఇక సామాను. మృదంగం క్యాబిన్‌లోకి రాదు, చెక్-ఇన్‌లోనే. నాకు తోలు పట్టీలతో బిగించే బద్దీల మృదంగమే ఇష్టం, నాదం వేరు. కానీ ఇక్కడికి మాత్రం నట్టు బోల్టుల మృదంగమే తెచ్చాను. మూత, అంటే వాయించే చర్మం, చిట్లితే పారిస్‌లో ఎవరి దగ్గరికి పట్టుకెళ్తారు? నట్టు బోల్టులైతే మనమే విప్పి మార్చుకోవచ్చు. కుడివైపు మూత ఒకటి, వీలైతే ఎడమవైపు తొప్పి మూత ఒకటి అదనంగా తెచ్చుకోండి. నాది వచ్చేటప్పుడే ఒక అంచున చిట్లింది. ఎయిర్‌లైన్ కౌంటర్‌లో వాళ్లు పెట్టె మీద పెళుసు సామాను అని స్టిక్కర్ అంటించారు, అంతకు మించి వాళ్లేం చేయలేదు. గట్టి పెట్టె, లోపల చుట్టూ పాత పంచెలు కుక్కడం, అదే మనకు దిక్కు. స్పానర్ మాత్రం మృదంగంతో పాటు పెట్టెలోనే పెట్టండి. నేను చేతి సంచిలో వేసుకున్నాను, సెక్యూరిటీ వాళ్లు నవ్వుతూనే తీసి పక్కన పడేశారు. పారిస్‌లో దిగిన మర్నాడు నా మొదటి షాపింగ్ ఐఫిల్ టవర్ కీచైన్ కాదు, ఇనప సామాన్ల కొట్టులో స్పానర్. నట్టు పట్టుకెళ్లి చూపిస్తే భాషతో పని లేకుండానే సైజు ఇచ్చారు.

అమ్మ కట్టిచ్చిన నెయ్యి డబ్బా తేకండి. యూరప్ బయటినుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. కరివేపాకు లాంటి పచ్చి ఆకులు కూడా సర్టిఫికెట్ లేకుండా రాకూడదు. ఆవకాయ, కందిపొడి, చింతపండుకి ఇబ్బంది రాలేదు.

షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టు నుంచి ఆర్‌ఈఆర్ బి రైలెక్కి షాత్లేలో దిగి 7వ లైను పట్టుకుంటే తర్వాతి స్టేషనే పోన్ మరీ. కాగితం మీద ఇది చాలా సులువు. మృదంగం పెట్టె, సూట్‌కేసు రెండూ లాగుతూ షాత్లేలో లైను మారడం మాత్రం కాశీయాత్రే. ఆ ఒక్కరోజుకి టాక్సీ డబ్బులు పక్కన పెట్టుకోండి. ఆ తర్వాత మెట్రోకి వారం పాసు తీసుకునేటప్పుడు ఒక మెలిక ఉంది. నావిగో వారం పాసు అంటే మీరు కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు, సోమవారం నుంచి ఆదివారం వరకే. గురువారం కొంటే నాలుగు రోజులకి ఏడు రోజుల డబ్బు కట్టినట్టు. నేను కట్టాను. నెల పాసు కూడా అంతే, ఒకటో తారీకు నుంచి నెలాఖరు వరకు.

కరెంటు వోల్టేజి మనదే, 230. ప్లగ్ పాయింట్ మాత్రం మనది కాదు. ఫోను ఛార్జర్ల సన్న రెండు పిన్నులు దూరతాయి గానీ శ్రుతిపెట్టె మూడు పిన్నుల ప్లగ్ దూరదు. శ్రుతి కోసం ఫోన్‌లో యాప్ ఉందిలే అంటారా, మంచిదే, కానీ అది నాలుగు గోడల మధ్య సన్నగా పీచులా వినిపిస్తుంది. అడాప్టర్ ఇంటి దగ్గరే కొనుక్కోండి.

ఇప్పుడు అసలు విషయం, రవ్వ. తొప్పికి రవ్వ ముద్ద పెట్టకపోతే మృదంగం మృదంగంలా పలకదు కదా. సూపర్‌మార్కెట్‌లో సెమూల్ అని రాసి ఉన్న పసుపు రంగు పాకెట్ తెచ్చి, నీళ్లు పోసి, వేళ్లతో పిసుకుతూ పది నిమిషాలు కూర్చున్నాను. ముద్ద అవ్వదే! గింజలు ఉబ్బి విడివిడిగా పలుకుల్లా జారిపోతున్నాయి. తొప్పి మీద అద్దితే రెండు దెబ్బలకే గదంతా చిమ్మింది. సంగతేంటంటే ఇక్కడ కూస్‌కూస్‌ని కూడా సెమూల్ అనే అంటారు, అది ముందే ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టిన గింజ, దానికి జిగురు రాదు. మీరు వెతకాల్సింది సెమూల్ ఫిన్, అంటే సన్నరవ్వ, కేకులు చేసే సామాను ఉండే అరలో దొరుకుతుంది. కొంచెం గోరువెచ్చని నీళ్లతో కలిపి కాసేపు నాననిస్తే మన ఊరి బొంబాయి రవ్వ లాగే అతుక్కుంటుంది. వాయించాక వెంటనే గీకి తుడిచేయండి, హీటర్ వేడికి రాయిలా ఎండి చర్మాన్ని లాగేస్తుంది.

హీటర్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. మనం తేమకి అలవాటుపడ్డవాళ్లం. వానాకాలంలో శ్రుతి దిగిపోతుంది, ఎండలో పెట్టి లాగుతాం. ఇక్కడ అక్టోబరు నవంబరు నుంచి దానికి పూర్తిగా వ్యతిరేకం, బయట వాన పడుతున్నా గదిలో గాలి పొడిగా ఉంటుంది, చర్మం బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, కుడి మూత మీది నల్ల మచ్చ పొర పొరలుగా రాలడం మొదలవుతుంది. చిన్న తేమ మీటరు ఒకటి కొని గదిలో పెట్టుకోండి, 40 శాతానికి తగ్గకుండా చూసుకోండి. నాకైతే రేడియేటర్ మీద నీళ్ల గిన్నె, కుర్చీకి తడి తువ్వాలు, ఇదే ఏర్పాటు. మృదంగాన్ని మాత్రం రేడియేటర్‌కి దూరంగా, సంచిలో ఉంచాలి. వీణ వాళ్లకి ఇంకా కష్టం, మెట్ల కింద మైనం ఈ పొడిగాలికి పగుళ్లు తీస్తుంది.

సాధన ఎప్పుడు చేయాలన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఫ్రాన్స్‌లో రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా చప్పుడు చేస్తే పోలీసులు జరిమానా వేయొచ్చు, దానికి తపాజ్ నొక్తుర్న్ అని పేరు కూడా ఉంది. బిల్డింగ్ నియమాలు దీనికి అదనం, తాళంచెవితో పాటు ఇచ్చిన కాగితాలు చదవండి. నేను తెల్లవారుజామున అయిదుకి లేచి సాధన చేసేవాణ్ని, మా గురువుగారు పెట్టిన అలవాటు. ఇక్కడ ఆ అలవాటు వదులుకోవాల్సి వచ్చింది. మొదటి రోజు ఉత్సాహంగా మధ్యాహ్నమే మొదలుపెడితే పక్క స్టూడియో ఆవిడ తలుపు కొట్టింది. ఆవిడ తిట్టడానికి రాలేదు, ఎంతసేపు వాయిస్తారో చెబితే ఆ టైములో బయటికి వెళ్లొస్తానంది. ఆవిడకి అక్షరం అక్షరం దిద్దుకునే పనట. రెండింటి నుంచి నాలుగున్నర దాకా అని కాగితం మీద రాసి ఇచ్చాను, మళ్లీ మాటా రాలేదు. మీరు వచ్చిన రోజే అటూ ఇటూ, పైనా కిందా తలుపులు తట్టి చెప్పేయండి. ముందు "బోన్‌జూర్" అనాలి, ఆ తర్వాతే ఏ మాటైనా. కొట్టులోకి వెళ్లినా అంతే, అది అనకుండా ధర అడిగితే మొహం మాడ్చుకుంటారు.

మొదటి రెండు వారాలు ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు. ఇది నాకు చాలా టెన్షన్ పెట్టింది. కచేరీ లేదు, రిహార్సల్ లేదు, ఫోన్ రాదు. కారిడార్‌లో కలిసినవాళ్లు "నీ ప్రాజెక్ట్ ఏంటి?" అంటారు. నేను కర్ణాటక సంగీతం, మృదంగం, త్యాగరాజు అని మొదలుపెట్టేవాణ్ని. మన బాలమురళీకృష్ణగారికి 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వం షెవాలియే బిరుదు ఇచ్చింది అని కూడా చెప్పి చూశాను. మర్యాదగా తలాడించి వెళ్లిపోయేవారు. చివరికి పనికొచ్చింది నోరే. ఒక సాయంత్రం వంట చేసుకుంటూ కొన్నక్కోల్, అంటే మృదంగం జతులు నోటితో, చెప్పుకుంటుంటే పై అంతస్తు డబుల్ బేస్ వాయించే కుర్రాడు గుమ్మంలో ఆగాడు. ఏడు అక్షరాలని అతను ఒకటి రెండు అంటూ ఏడు దాకా లెక్కపెడుతున్నాడు, కాలుతో కొడుతూ, ప్రతిసారీ ఏడు దగ్గర తడబాటు. అలా కాదు బాబూ, తకిట తకధిమి అను, మూడూ నాలుగూ, అంకె మర్చిపో అన్నాను. పోపు మాడిపోయింది గానీ అరగంటలో ఆ ఏడక్షరాల తాళం, మిశ్రచాపు, అతని చేతికి వచ్చేసింది. యూరప్ జాజ్ వాళ్లలో కొన్నక్కోల్ అన్న మాట విన్నవాళ్లు చాలామందే, చెప్పేవాళ్లు దొరకడమే తక్కువ. మర్నాడు ఇంకొక డాన్సర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. పక్కవాద్యం వాడికి పక్కన ఒక మనిషి కావాలి, అంతే తేడా, ఆ మనిషి పాడాలనేం లేదు. కొన్నక్కోల్‌కైతే రాత్రి పది దాటినా ఎవరూ ఏమీ అనరు, గొంతు తగ్గిస్తే చాలు.

రెసిడెన్సీలో ఉన్నవాళ్లు తమ స్టూడియో తలుపులు తెరిచి జనాన్ని పిలిచే సాయంత్రాలు ఉంటాయి. మొదట చూడ్డానికి వెళ్లండి, తర్వాత మీదీ తెరవండి. చివర్లో రెస్తిత్యూసియోన్ అని ఏదో ఒకటి చూపించమంటారు. పూర్తి కచేరీ అక్కర్లేదు. తని ఆవర్తనం, అంటే తాళవాద్యం ఒక్కటే వాయించే భాగం, చేసి మధ్యలో ఆపి వచ్చినవాళ్లతో తాళం వేయించడం నా అనుభవంలో బాగా కుదిరింది.

వినడానికి వెళ్లాల్సినవి లెక్కలేనన్ని. షాత్లే దగ్గర తెయాత్ర్ ద ల వీల్‌కి నడిచే వెళ్లొచ్చు, అక్కడ మన దేశపు సంగీతం దశాబ్దాలుగా పెడుతున్నారు. ఫిలర్మోనీ అనే కచేరీ హాలు 2015లో తెరిచారు, 5వ లైనులో పోర్త్ ద పాంతాన్ దగ్గర దిగాలి, ఆ ఆవరణలోనే సంగీత మ్యూజియం. జూన్‌లో ఉంటే 21న ఫేత్ ద ల మ్యూజిక్ అనే సంగీతోత్సవం, 1982 నుంచి ఏటా జరుగుతుంది, ఆ రాత్రి వీధుల్లో ఎవరైనా వాయించుకోవచ్చు. వయొలిన్ వాళ్లకి తంత్రులు, బో బాగు చేయించడం లాంటివి కావాలంటే సాన్ లజార్ స్టేషన్ పక్క రూ ద రోమ్ వీధి. కన్సర్వేటరీ ఒకప్పుడు ఆ చుట్టుపక్కలే ఉండేది, అది వెళ్లిపోయింది గానీ వయొలిన్ చేసేవాళ్ల కొట్లు అక్కడే ఉండిపోయాయి.

అన్నం మీద బెంగ పుడితే అదే 7వ లైనులో గార్ ద లెస్ట్ దాకా వెళ్లి, ఫోబూర్ సాన్ దెనీ వీధిలో ఉత్తరంగా లా షపెల్ వైపు నడవండి. జాఫ్నా తమిళుల కొట్లు. కరివేపాకు, మునక్కాడలు, ఇడ్లీ రవ్వ, బెండకాయలు అన్నీ ఉంటాయి. గోంగూర నాకు కనిపించలేదు. మృదంగం సంచి భుజాన ఉంటే చాలు, కొట్టువాళ్లే మాట కలుపుతారు, ఎందుకంటే వాళ్ల పిల్లలు భరతనాట్యం నేర్చుకుంటుంటారు, అరంగేట్రానికి మృదంగం వాళ్లకీ కావాలి. నాకు వచ్చిన తమిళం నాలుగు ముక్కలు, తాళానికి అది చాలింది.

అయితే డబ్బు తీసుకుని వాయించే ముందు ఆగండి. ఫ్రాన్స్‌లో వేదిక ఎక్కిన కళాకారుణ్ని చట్టం ఉద్యోగిగానే చూస్తుంది, కాంట్రాక్టు, జీతం చీటీ ఉండాలి. ఒక చిన్న హాలు ఆయన కవరులో పెట్టి ఇస్తానన్నాడు, మన ఊళ్లో తాంబూలంలో పెట్టినట్టు. వద్దన్నాను. మీ వీసా మీద వాయించవచ్చా లేదా అన్నది రెసిడెన్సీ ఆఫీసులో అడిగాకే ఒప్పుకోండి. అప్పుడప్పుడూ మాత్రమే కచేరీలు పెట్టేవాళ్ల కోసం గ్యుసో అనే పద్ధతి ఉంది, ఆ కాగితాల పని నిర్వాహకులదే.

ఇంకో కాగితం కూడా వస్తుంది, సాసెమ్ అనే సంస్థది, కాపీరైట్ లెక్క. వాయించిన ప్రతి అంశానికీ స్వరకర్త పేరు, ఎన్ని నిమిషాలు అని గళ్లుంటాయి. త్యాగరాజు పోయింది 1847లో, దొమేన్ పుబ్లిక్, అంటే ఇప్పుడు ఎవరికీ హక్కుల్లేవు, అని రాస్తే సరిపోతుంది. తని ఆవర్తనం గడిలో స్వరకర్త అన్నచోట ఏం రాయాలో తెలియక నిర్వాహకుణ్ని అడిగితే "మీరే కదా" అన్నాడు. పాతికేళ్లలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. నా పేరు రాశాను, నిమిషాలు పద్నాలుగు అని వేశాను, అప్పటికి ఇంకా వాయించలేదు. వాయించేసరికి ఇరవై దాటింది.

వెళ్లిపోయే రోజు ఎతా దే ల్యూ అని గదిని తనిఖీ చేస్తారు, వచ్చినప్పుడు చేసినట్టే. అందుకే దిగిన రోజే గోడ మీద గీతలు, పగిలిన పెంకు, మరకలు అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. రవ్వ మరకలు గడ్డిచాప కిందికి కూడా వెళ్తాయి, చాప ఎత్తి తుడవండి. ఇక స్పానర్. తిరుగు ప్రయాణంలో దాన్ని మళ్లీ చేతి సంచిలో పెట్టకండి. నేను పెట్టాను.