పాత ఆరు సిలిండర్ల ఎస్టేట్ – ఐదో పాఠం: ముల్లు ఎక్కడ పైకి పోతోంది?

పాత మెర్సిడెస్ ఎస్టేట్ (వెనక సామాన్ల భాగం పొడవుగా ఉండే కారు) గురించి రాస్తున్న వరుసలో నాలుగో పాఠం చదివి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చిన వాళ్లలో చాలామంది ఒకే మాట చెప్పారు: "మార్చక ముందు బాగానే ఉండేది. మార్చాకే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది." ఒకరికి భాకరాపేట ఘాట్ సగం ఎక్కేసరికి, ఇంకొకరికి రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో. మరొకరికి పూర్తిగా తిరగబడింది, గంట నడిపినా ముల్లు 80 దాకా కూడా రావడం లేదట. అందుకని ఈసారి రావాల్సిన వెనక సస్పెన్షన్ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. వేడి సంగతి తేలకుండా ముందుకు పోవడం మంచిది కాదు. మన ఇంజన్‌కు హెడ్ (సిలిండర్ల పై కప్పు) అల్యూమినియం, బ్లాక్ (సిలిండర్లు ఉండే దిమ్మ) ఇనుము. ఆరు సిలిండర్లు వరుసగా ఉన్న పొడవాటి హెడ్ అది. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంగుతుంది. ఆ తర్వాత అయ్యే ఖర్చు కారు ధర దగ్గరికి పోతుంది.

ఈ పాఠాలన్నీ డబ్ల్యూ124 మెర్సిడెస్ ఎస్టేట్‌ను, అందులో ఎం103 ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 2962 సీసీ, పన్నెండు వాల్వులు. ఈ ఎస్టేట్ 1985లో వచ్చింది, 1996 దాకా తయారైంది. మీ దగ్గర తర్వాత వచ్చిన ఇరవై నాలుగు వాల్వుల ఎం104 ఉన్నా ఈ పాఠంలో ముఖ్యమైన విషయాలు పనికొస్తాయి.

మొదట హీటర్. కూలెంట్ పోసేటప్పుడు డాష్‌బోర్డులో రెండు డయల్స్‌నూ ఎరుపు వైపు చివరిదాకా తిప్పి ఉంచమని రాశాను. తిరుపతిలో హీటర్ ఎవరు వేస్తారని చాలామంది ఆ వాక్యాన్ని దాటేశారు. హీటర్ మనకు వెచ్చదనం కోసం కాదు, దాని లోపల కూలెంట్ తిరిగే పైపులు, చిన్న రేడియేటర్ ఉన్నాయి కాబట్టి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి డయల్ నీలం వైపు ఉంటే ఆ దారి మూసుకుని ఉంటుంది. పాత కూలెంటు, దానితో పాటు గాలి అక్కడే నిలిచిపోతాయి. తర్వాత ఎప్పుడో ఆ గాలి కదిలి హెడ్ పైభాగంలోకి చేరుతుంది. ముల్లు ఉన్నట్టుండి ఎగిరి, అంతే తొందరగా కిందికి పడుతోందంటే లోపల గాలి ఉందని అర్థం. నిజంగా వేడెక్కే ఇంజన్‌లో ముల్లు నెమ్మదిగా ఎక్కుతుంది, దిగడానికీ టైం తీసుకుంటుంది.

దీనికి మందు: కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలపండి. చల్లటి ఇంజన్ మీద కూలెంట్ ట్యాంకు మూత తీసి, రెండు డయల్స్ ఎరుపుకు తిప్పి, స్టార్ట్ చేసి వదలండి. ఇంజన్‌ను రేడియేటర్‌తో కలిపే పై హోస్ పైపు వేడెక్కేదాకా ఆగండి. వెంట్ల నుంచి వేడి గాలి రావాలి. రాకపోతే ఇంకా గాలి ఉంది. తర్వాత గుర్తు దాకా నింపి మూత పెట్టి, ఒక రోజు నడిపాక చల్లటి ఇంజన్ మీద మళ్లీ చూడండి.

రెండోది, రేడియేటర్ డ్రెయిన్ ప్లగ్ మాత్రమే విప్పి కూలెంట్ మార్చేశామనుకున్నవాళ్లు. ఈ ఇంజన్‌లో మొత్తం దాదాపు తొమ్మిది లీటర్లు పడుతుంది. బ్లాక్ డ్రెయిన్ ప్లగ్ కూడా విప్పకపోతే అందులో చాలా భాగం లోపలే ఉంటుంది. మీరు పోసినది ఎంతో కొలవండి. తొమ్మిదికి బాగా తక్కువైతే మార్చింది సగమే. రంగుల సంగతి కూడా చెప్పాలి. పాత పచ్చ కూలెంట్ మీద కొత్త నారింజ రంగుది పోసినవాళ్లు ఉన్నారు. అన్నీ అన్నిటితో కలవవు, కొన్ని కలిస్తే చిక్కటి బురద అవుతుంది. డబ్బా మీద మెర్సిడెస్ 325.0 ఆమోదం ఉన్నదే కొనండి, సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. బోరు నీళ్లు వద్దు. చిత్తూరు జిల్లాలో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగు ఎలా ఉంటుందో మీ ఇంట్లోనే చూడండి. ఆ తెల్లటి పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. బ్యాటరీ షాపులో దొరికే నీళ్లు చాలు.

ఇప్పుడు ముల్లును చదవడం. మీటర్ మీద 40, 80, 120 అని ఉంటాయి, 80కీ 120కీ మధ్య ఒక గీత ఉంటుంది. మన ఎండలో, ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని ఉంటే ముల్లు ఆ మధ్య గీత దాకా రావడం జబ్బు కాదు. అది కాస్త దాటాకే ముందున్న కరెంటు ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరగడం మొదలవుతుంది. లోపల నీళ్లు 100 దగ్గర మరగవు. కూలెంట్ ట్యాంకు మూత మీద 140 అని ఉంటే 1.4 బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లకే 120 దాటితే గానీ మరుగు రాదు, కూలెంట్ కలిస్తే ఇంకా పైన. అందుకే మూత పాతబడితే ముల్లు మామూలుగానే ఉన్నా కూలెంట్ పొంగి బయటికి వస్తుంది. మూతకు పెద్ద ఖర్చేమీ లేదు, కొత్తది వేసేయండి.

ముల్లు ఎంత పైకి పోతోందన్న దాని కన్నా ఎక్కడ పోతోందన్నది ముఖ్యం. నిలబడితే, నెమ్మదిగా పోతే ఎక్కి, హైవే మీద దిగిపోతే గాలి చాలడం లేదు. ఫ్యాన్ క్లచ్ (ఇంజన్‌తో తిరిగే ఫ్యాన్‌కు పట్టునిచ్చేది) చూడండి, కరెంటు ఫ్యాన్లు చూడండి, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకున్న దుమ్ము చూడండి. ఆ సందు పైనుంచి కనిపించదు. రేడియేటర్ పై బిగింపులు తీసి కొంచెం వెనక్కి వంచితే గానీ అక్కడ ఎంత చెత్త ఉందో తెలియదు. అదే హైవే మీద వంద వేగంలో ఎక్కి, తగ్గిస్తే దిగితే గాలి లోపం కాదు, నీటి ప్రవాహం లోపం. రేడియేటర్ లోపల మూసుకుపోయి ఉంటుంది, లేదా కూలెంట్‌ను తిప్పే పంపు. రాత్రంతా చల్లారిన కారులో పొద్దున పై హోస్ పైపు నొక్కితే గట్టిగా ఉందంటే, సిలిండర్ లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి. హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించే దాకా ఘాట్ ఎక్కొద్దు.

ఇక అసలు చికాకు. ముల్లు 80కి కూడా రాని ఆయన కారులో థర్మోస్టాట్ వాల్వే (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసేది) లేదు. కూలెంట్ మార్చే రోజే తీసేశారు. "సార్, మన ఎండలకు ఈ వాల్వ్ ఎందుకు సార్, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటాది" అని మెకానిక్ చెప్పాడు, ఈయన సరే అన్నాడు. చిత్తూరులో, తిరుపతిలో, మదనపల్లెలో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మంచి పనివాళ్లే చెబుతారు. వేరే ఇంజన్ల మీద అబ్బిన అలవాటు అది. ఈ ఇంజన్ మీద అది తప్పు. ఎందుకు తప్పో పూర్తిగా చెబుతాను, ఎందుకంటే షెడ్డులో కూర్చుని మీరు వద్దని గట్టిగా చెప్పగలగాలి.

ఈ థర్మోస్టాట్‌కు ఒకటి కాదు, రెండు పళ్లేలు ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెద్ద పళ్లెం రేడియేటర్ దారి మూసి ఉంచుతుంది. చిన్న పళ్లెం దగ్గర పొట్టి దారి తెరిచి ఉంటుంది. కూలెంట్ ఆ పొట్టి దారిలో ఇంజన్ లోపలే తిరిగి తొందరగా వేడెక్కుతుంది. 87 డిగ్రీల దగ్గర దాని లోపలి మైనం కరిగి వ్యాకోచించి పెద్ద పళ్లేన్ని తెరుస్తుంది. అదే కదలికతో చిన్న పళ్లెం వెళ్లి పొట్టి దారిని మూస్తుంది. ఇదీ అసలు సంగతి. వేడి ఎక్కువైనప్పుడు కూలెంట్ మొత్తాన్ని రేడియేటర్ వైపు పంపేది ఆ రెండో పళ్లెమే.

వాల్వ్ తీసేస్తే రెండు దారులూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. నీళ్లకు దగ్గరి దారే సులువు. కొంత రేడియేటర్‌కు పోతుంది, చాలా భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి వస్తుంది. ఫలితం రెండు వైపులా చెడ్డది. చదును రోడ్డు మీద, చలికాలం పొద్దున్న ఇంజన్ వేడెక్కదు. లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు, అంటే రేడియేటర్ మొత్తం కావాల్సిన సమయంలో, సగం కూలెంట్ దానికి అందదు. చల్లగా ఉండాలని తీసినవాళ్ల కార్లే ఘాట్ మీద ఆవిరి కక్కుతాయి. అప్పుడు రేడియేటర్ మార్చమంటారు. అదీ మార్చాక తగ్గకపోతే పంపు అంటారు.

చల్లటి ఇంజన్ మంచిదేగా అని అడిగేవాళ్లకు ఇంకో మాట. ఇందులో పెట్రోల్ పంపేది కేఈ-జెట్రానిక్. కూలెంట్ సెన్సర్ చల్లగా ఉందని చెప్పినంతసేపూ అది ఎక్కువ పెట్రోల్ ఇస్తుంది. మైలేజ్ పడిపోతుంది, స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీది నూనెను కడిగేస్తూ కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. వేడెక్కని ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోదు. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడ రంగు జిగురు కనిపిస్తుంది. అది చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందని హెడ్ దించినవాళ్లు కూడా ఉన్నారు. చేయాల్సిన పని కొత్త వాల్వ్ వేయడం.

"పూర్తిగా తీయలేదు, పళ్లేనికి రంధ్రాలు వేయించాను" అనేవాళ్లకూ ఇదే జవాబు. "79 డిగ్రీల వాల్వ్ వేయించనా?" అని అడిగినవారికి: అవసరం లేదు. అది కాస్త ముందుగా తెరుచుకుంటుంది, అంతే. ఘాట్ మీద ఏ వాల్వ్ అయినా పూర్తిగా తెరిచే ఉంటుంది. అప్పుడు చల్లబరచాల్సింది రేడియేటరూ గాలీ. వాటి శక్తి వాల్వ్ మీద రాసిన అంకెతో పెరగదు.

కొత్తది కొన్నా పెట్టే ముందు పరీక్షించండి. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి సన్నటి మంట మీద కాచండి. 87 అటూ ఇటూ కదలిక మొదలవ్వాలి. వంద దగ్గర బాగా తెరుచుకుని ఉండాలి. చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. నేను వేలర్ లేదా బేర్ తయారీవే వాడతాను. పెట్టేటప్పుడు పళ్లెం మీద ఉన్న చిన్న గోళీ వాల్వ్ అన్నిటికన్నా పైకి రావాలి, గాలి పోయేది అందులోంచే. హౌసింగ్ బోల్టులు చిన్నవి, అల్యూమినియంలోకి దిగేవి. టార్క్ రెంచ్ ఉంటే 10 న్యూటన్ మీటర్లు, లేకపోతే పొట్టి స్పానర్‌తో, మణికట్టు బలంతో మాత్రమే బిగించండి.

ఫ్యాన్ క్లచ్ గురించి క్లుప్తంగా: లోపల సిలికాన్ నూనె ఉంటుంది, ముందున్న స్ప్రింగు వేడెక్కితే పట్టు పెరుగుతుంది. ఘాట్ దిగకుండా పైనే ఇంజన్ ఆపి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా గిర్రున తిరిగితే క్లచ్ పోయింది. చెన్నై పుదుపేటలో పాతది కొంటే అది షాపులో ఎలా పెట్టి ఉందో చూడండి. నేల మీద పడుకోబెట్టి ఉన్నదాన్ని వదిలేయండి, నూనె కారిపోతుంది. నిలబెట్టి ఉన్నదే తీసుకోవాలి, బండిలోనూ నిలబెట్టే తేవాలి. నేనైతే దీన్ని పాతది కొనను. రేడియేటర్ కూడా అంతే. దాని పక్క ట్యాంకులు ప్లాస్టిక్, పై హోస్ తగిలే మెడ ఏళ్లు గడిచే కొద్దీ పెళుసవుతుంది. క్లిప్పు మరీ బిగిస్తే చేతికి ఊడి వస్తుంది.

నడిపే తీరు కూడా ఇందులో భాగమే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఘాట్ మీద డి లో వదలకండి. తక్కువ ఆర్‌పీఎంలో ఇంజన్ ఈడుస్తుంటే పంపూ ఫ్యానూ నెమ్మదిగా తిరుగుతాయి. లివర్ 3కి దించండి. తోతాపురి కాయలతో వెనక భాగం నింపుకుని పోయేవాళ్లు మలుపుల్లో 2 దాకా దించినా తప్పులేదు. ముల్లు మధ్య గీత దాటి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా ఎరుపుకు తిప్పి బ్లోయర్ పెంచండి. చెమటలు పడతాయి, హెడ్ బతుకుతుంది. పక్కకు ఆపాక కూలెంట్ కారకుండా ఉంటే, ముల్లు ఎర్రదాకా పోకుండా ఉంటే, ఇంజన్ వెంటనే ఆపకుండా న్యూట్రల్‌లో కాస్త రేజ్ చేసి ఉంచండి. కూలెంట్ కారుతుంటే వెంటనే ఆపేయండి. ముల్లు ఎర్రలోకి పోయినా అంతే.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. తిరుపతి నుంచి చంద్రగిరి, పూతలపట్టు, చిత్తూరు, బంగారుపాళ్యం మీదుగా మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు వెళ్లి రండి. పక్కన రాసేవాళ్లు తప్పక ఉండాలి, నడిపేవాళ్లు రాయకూడదు. ప్రతి ఊళ్లో ముల్లు ఎక్కడ ఉందో, వేగం ఎంతో, ఏసీ ఉందో లేదో, గేరు ఏదో రాయించండి. ఘాట్‌లో అయితే ప్రతి కిలోమీటరు రాయికీ రాయించండి. ఒకసారి ఏసీతో, ఇంకో రోజు అదే వేళకు ఏసీ లేకుండా. రెండుసార్లూ ట్యాంకులో కూలెంట్ మట్టం బయలుదేరే ముందు, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచి రాయండి. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ షెడ్డుకు పోయినా మాట అక్కడి నుంచే మొదలవుతుంది.

గాలి తీయడం పూర్తి కానివాళ్లు ఈ ప్రయాణం చేయొద్దు. ముందు అది పూర్తి చేయండి. ఆరో పాఠంలో వెనక హైడ్రాలిక్ సస్పెన్షన్, దాని గ్యాస్ గుండ్లు. ఆ పాఠానికి వచ్చేముందు ఖాళీ కారును చదును నేల మీద నిలిపి, వెనక రెండు వైపులా చక్రం మధ్యబిందువు నుంచి దాని పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి పెట్టుకోండి.