మొదటి రాత్రి సంచి

మా వాడు ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్లినప్పుడు ఏడాదికి సరిపడా సామాను సర్దేశాను. దిగిన రాత్రి మూడింటికి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆకలేస్తోంది, ఏ పెట్టెలో ఏముందో తెలియట్లేదు." ఆగస్టులో అక్కడ రాత్రి మూడంటే మన తెనాలిలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కడుపు భోజనం టైమని అడుగుతోంది మరి. రెండేళ్ల తర్వాత అమ్మాయిని పంపేటప్పుడు ముందు ఆ రాత్రి కోసమే ఒక సంచి సర్దాను.

ఉప్మా కోసం అర కిలో బొంబాయి రవ్వను కమ్మగా వేయించండి. నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, కరివేపాకు కరకరలాడేదాకా వేగనిచ్చి, రవ్వ, ఉప్పు కలిపి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద కడితే చెమ్మ పట్టి పాడవుతుంది. అర గ్లాసు చొప్పున పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద "గ్లాసుంపావు నీళ్లు మరిగించి పోసుకో" అని రాయండి. కొలిచిన స్టీలు గ్లాసు కూడా ఆ సంచిలోనే పెట్టండి. ఇంట్లో రోజూ కాఫీ తాగే గ్లాసైతే మరీ మంచిది. అదే సంచిలో నువ్వుండలు, ఒక చెంచా, చిన్న గిన్నె, వాము పొట్లం. ఇది పెట్టెలో అన్నిటికన్నా పైన ఉండాలి.

ఇక పచ్చళ్లు. అబ్బాయికి గాజు సీసాలో ఆవకాయ పెట్టాను. మూత దగ్గర నూనె కారి, కొత్త కోటు పాడైపోయింది. ఇప్పుడు పైన తేలిన నూనె వంపేసి, అర కిలో చొప్పున మందపాటి జిప్ కవర్లో వేసి, గాలంతా నొక్కి తీసేస్తాను. దాని మీద ఇంకో కవరు, పాత న్యూస్ పేపరు, ఆపైన ప్లాస్టిక్ డబ్బా. పెట్టె మధ్యలో బట్టల నడుమ పెట్టాలి. చేతి సంచిలో మాత్రం పచ్చడి వద్దు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. తీసిన నూనెకి బదులు నువ్వుల నూనె అక్కడే కొనుక్కోవచ్చు.

కందిపొడి, కారప్పొడి, చారుపొడి పావు కిలో చొప్పున చాలు. పెద్ద ఊళ్లలో ఇండియన్ స్టోర్లు ఉన్నాయి, కందిపప్పు మోయక్కర్లేదు. ప్రతి పొట్లం మీదా ఇంగ్లీషులో పేరు రాయండి. కస్టమ్స్‌లో తినే వస్తువులున్నాయని తప్పకుండా చెప్పమనండి, దాస్తే జరిమానా వేస్తారు. కోడి, మటన్ పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పండ్లు పెట్టకండి. ఎండు కొబ్బరి చిప్పలు కూడా వద్దు. వాటికి నిప్పంటుకునే గుణముందని విమానంలో ఒప్పుకోరు.

మిక్సీ కూడా మొయ్యకండి. మనది 230 వోల్టులు, అక్కడ 120. మూడు లీటర్ల కుక్కర్ పట్టుకెళ్లడం మంచిదే, కానీ అదనంగా ఒక గాస్కెట్, ఒక సేఫ్టీ వాల్వ్ మర్చిపోవద్దు. కుక్కర్లో ఖాళీ ఉంచకుండా చింతపండు, పోపు దినుసులు నింపేయండి.

నా పాత నేత చీర ఒకటి మడిచి అమ్మాయి పెట్టె అడుగున వేశాను. జ్వరం వచ్చినప్పుడు అదే కప్పుకున్నానని చెప్పింది. కొత్త దుప్పటి ఎక్కడైనా దొరుకుతుంది. అందుకే ఉతికి ఉతికి మెత్తబడిందే పెట్టండి.

చాలా ఎయిర్‌లైన్స్‌లో రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఇంటి తూకానికీ ఎయిర్‌పోర్టు తూకానికీ తేడా వస్తుంది కాబట్టి 22 దగ్గర ఆగండి. తిండి సామాను రెండు పెట్టెల్లోనూ పంచండి. మా వాడి ఒక పెట్టె రెండు రోజులు ఆలస్యంగా చేరింది, పొడులన్నీ అందులోనే ఉండిపోయాయి. ఏది ఎందులో ఉందో కాగితం మీద రాసి మూత లోపల అంటించి, పిల్లల ఫోన్లో దాని ఫొటో తీయించండి.