డబుల్ బ్యారెల్ తుపాకీ: మీట మొరాయిస్తే

ఉద్దానం జీడితోటల వైపు పాత లైసెన్సు తుపాకులు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. మాదీ తాతగారి నాటి 12 బోరు, గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. 2024 ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించి, అయ్యాక తెచ్చుకుంటే గొట్టాలు తెరవడానికి పైనున్న మీట కదల్లేదు. తప్పు నాదే. ఇచ్చేముందు కొబ్బరినూనె పూశాను.

ఒక్కమాట. తెరుచుకోని తుపాకీలో తూటా ఉన్నట్టే లెక్క. గొట్టాలు మనుషుల వైపు ఉండకూడదు, వేలు ట్రిగ్గరు మీద ఉండకూడదు.

మీటను బొటనవేలితో కుడికి తోస్తే దాని కింద నిలువుగా ఉన్న ఇరుసు తిరుగుతుంది. ఇరుసు ఒక బల్లపరుపు బోల్టును వెనక్కి లాగుతుంది. గొట్టాల అడుగున ఉన్న దిమ్మల గాడుల్లోంచి బోల్టు బయటికి రాగానే గొట్టాలు కిందికి వంగుతాయి. మూయగానే స్ప్రింగు బోల్టును మళ్లీ గాడుల్లోకి నెడుతుంది, మీట వెనక్కి వస్తుంది. ఇంగ్లండులో పర్డీ 1863లో పేటెంటు చేసిన బోల్టూ, స్కాట్ 1865లో తెచ్చిన ఇరుసూ కలిసిన ఏర్పాటిది. ఇప్పటికీ చాలా తుపాకుల్లో ఇదే.

మీట బిగుసుకుపోయిందా? చాలాసార్లు ఎండి జిగురైన నూనే కారణం, మన ఉప్పుగాలికి పట్టే తుప్పు తర్వాతిది. మీట అంచు చుట్టూ రెండు చుక్కల కిరసనాయిలు వేసి, గొట్టాలు కిందికి ఉండేలా నిలబెట్టి ఒక రాత్రి వదిలేయండి. తలకిందులుగా ఎందుకంటే, నూనె వెనక్కి దిగితే చెక్క మెత్తబడి పాడవుతుంది. తర్వాత తుడిచి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. సుత్తి జోలికి పోవద్దు. మాకు బాగుచేసిన పెద్దాయన అన్నట్టు, "బలం సూపకండి బాబూ, ఇది ఆవకాయ జాడీ కాదు."

మూశాక మీట రోజూ ఆగేచోటికి రాకుండా కుడివైపే నిలిచిపోతే బోల్టు పూర్తిగా దిగలేదన్నమాట. అలాంటప్పుడు పేల్చకూడదు. గాడుల్లో, తూటా మడమను పైకెత్తే ముక్క కింద చూడండి. కాలని మందుగింజో, ఊకపొట్టో ఒక్కటి చాలు. పుల్లకి గుడ్డ చుట్టి తీస్తే సరి. మురికి లేకపోయినా మీట వదులుగా ఊగుతుంటే స్ప్రింగు విరిగినట్టు. అది ఇంట్లో అయ్యే పని కాదు.

మీట పూర్తిగా తిరిగినా గొట్టాలు వంగకపోతే బోల్టుది తప్పు కాకపోవచ్చు. తేమకి ఉబ్బిన కాగితపు తూటా పట్టేసి ఉండొచ్చు. పైకి హ్యామర్లు, అంటే పిన్నును కొట్టే సుత్తుల్లాంటి ముక్కలు, కనిపించే పాత తుపాకీ అయితే, పేల్చాక తూటాను పేల్చే ఆ పిన్ను తూటాలో దిగబడి ఉండొచ్చు. హ్యామరును సగం వెనక్కి లాగి తెరవాలి. హ్యామర్లు లోపలుండే రకంలో పేల్చిన తర్వాత తెరవడం బరువుగానే ఉంటుంది, గొట్టాలు వంగేటప్పుడే హ్యామర్లు మళ్లీ ఎక్కుపెట్టుకుంటాయి కాబట్టి. టెన్షన్ పడొద్దు. ఒకవేళ ట్రిగ్గరు నొక్కినా పేలలేదంటే మాత్రం వెంటనే తెరవకండి, గొట్టాలు క్షేమమైన వైపు పెట్టి నిమిషం ఆగండి.

అందరూ పట్టించుకోనిది, మీట ఎడమకి జరగడం. గాడులు ఏటవాలుగా ఉంటాయి, అరిగేకొద్దీ బోల్టు మరికాస్త లోపలికి పోతుంది. అందుకే కొత్త తుపాకీలో మీట నడిమికి కొంచెం కుడివైపు ఆగుతుంది. ఏళ్లు గడిచాక నడిమికి, ఆపై ఎడమకి. పరీక్ష ఇది: ఖాళీ తుపాకీకి ముందుచెక్క (గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క) తీసేసి మూసి ఊపండి. ముందుచెక్క ఉంటే ఆ బిగువుకి వదులు తెలియదు. టకటకమంటే, లేదా గొట్టాల వెనక సందులోంచి వెలుతురు కనిపిస్తే వాడకం ఆపేయాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు లైసెన్సు ఉన్నవారే చేయాలి, ఊళ్లో వెల్డింగు షాపు కాదు.

మాది టకటకమనడం లేదు. కానీ మొన్న తుడుస్తూ చూస్తే, మీట నడిమికి వెంట్రుకవాసి ఎడమగా ఆగుతోంది.