పేద బస్తీలో ఇళ్ల బాగుకు గల్లీ మొత్తాన్ని ఎలా కలపాలి?

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ పాత బస్తీల్లో తిరిగితే, అప్పు చేసి స్లాబు వేసుకున్న ఇల్లు, దాని గడప కంటే జానెడు ఎత్తులో సీసీ రోడ్డు తరచుగా కనబడతాయి. వాన పడితే మోరీ నీళ్లు వంటగదిలోకే వస్తాయి. ఆ కుటుంబమూ ఖర్చు పెట్టింది, మున్సిపాలిటీ కూడా ఖర్చు పెట్టింది. కానీ ఎవరి పని వారు విడిగా చేసుకుపోయారు. ఇళ్లు, మోరీ, రోడ్డు ఒకే లెక్కలో జరగాలంటే గల్లీవాసులు, మహిళా సంఘాలు, మున్సిపాలిటీ కలిసి పని చేయాలి. ఆ పని వరుస ఇక్కడ చెబుతున్నాను. ఈ వరుసను మార్చవద్దు.

పనికి గల్లీని యూనిట్‌గా తీసుకోండి. బస్తీ మొత్తానికి ఒకే కమిటీ వేస్తే మెయిన్ రోడ్డు మీది ఇళ్లవారే మాట్లాడతారు, లోపలి గల్లీల ఆడవాళ్లు వెనుక కూర్చుని వెళ్లిపోతారు. 1980లో పాకిస్తాన్‌లోని కరాచీలో, ఒరంగీ అనే పేద బస్తీలో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త మొదలుపెట్టిన పనిలోనూ జనం గల్లీ గల్లీగానే డబ్బు వేసుకుని మురుగు కాల్వలు కట్టుకున్నారు. ఇరవై, ముప్పై ఇళ్ల మధ్య ఎవరు ఎంత ఇచ్చారో దాగదు కాబట్టి ఆ పద్ధతే నిలబడుతుంది.

కావలసినవి స్టీలు టేపు, లెవల్ పైపు (నీళ్లు పోసి ఎత్తు సరిచూసే పారదర్శక పైపు), ముగ్గుపిండి, ఎర్ర పెయింటు, ఒక రిజిస్టరు. బట్ట టేపు సాగుతుంది, వాడవద్దు. మెప్మా (పట్టణాల్లో మహిళా సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) రిసోర్స్ పర్సన్‌ను, కిరాయికి ఉన్నవారిని కూడా సమావేశానికి పిలవండి. పాలమూరు వైపు చాలా ఇళ్ల మగవాళ్లు వలసలో ఉంటారు కనుక దసరాకో ఉగాదికో వారు వచ్చినప్పుడే కూర్చోవాలి. లేకపోతే ఇవాళ భార్య ఒప్పుకున్నదాన్ని రేపు భర్త ఫోనులో కాదంటాడు.

ప్రతి ఇంటి కాగితాల నకళ్లు రిజిస్టరుకు జత చేయండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉన్నంత మాత్రాన స్థలం మీద హక్కు వచ్చినట్టు కాదు. ప్రభుత్వ స్థలంలో 125 గజాల లోపు ఉన్న పేదలకు 2014 నాటి తెలంగాణ ప్రభుత్వ జీవో 58 కింద ఉచితంగా పట్టాలు వచ్చాయి. అవి ఉన్నవారి ఇళ్లను వేరుగా గుర్తించండి.

ఇక అసలు చిక్కు గీత దగ్గర, మట్టం దగ్గర వస్తుంది. ఇక్కడ తొందరపడితే మిగతా పనులన్నీ చెడిపోతాయి.

గీత అంటే ప్రతి ఇల్లు గల్లీ వైపు ఎక్కడ ఆగాలో చూపే హద్దు. దాన్ని కాగితం మీద గీయడానికి ముందు నేల మీద ముగ్గుపిండితో వేయాలి, ఆ ఇంటి యజమానురాలు పక్కన నిలబడి ఉండగానే వేయాలి. గోడకు గోడ మధ్య కొలిచి సరిపెట్టేవారు చాలామంది ఉన్నారు, అది తప్పు. రేకుల చూరు గోడ దాటి అడుగున్నర ముందుకు వస్తుంది, గడప ముందు మెట్టు ఉంటుంది, మోరీ మీద పరిచిన శాబాదు బండ ఉంటుంది, దాని పక్కన బట్టలుతికే రాయి ఉంటుంది. వీటన్నిటినీ కొలిచి రాసుకోండి. ఎవరింటి దగ్గర ఎన్ని అంగుళాలు వదలాలో అందరి ముందూ చదివి, అక్కడికక్కడే సంతకం లేదా వేలిముద్ర తీసుకోండి. ఎవరైనా ఒప్పుకోకపోతే ఆ రోజు పని ఆపేయండి, వారిని వదిలేసి ముందుకు పోకండి. మిగిలినవారి కంటే వారే ఎక్కువ స్థలం కోల్పోతూ ఉండవచ్చు. అప్పుడు గీతనే అటూ ఇటూ జరిపి చూడాలి, ఒంటరి ఆడమనిషి ఇంటి వైపుకే జరపడం మాత్రం జరగకూడదు.

మట్టం అంటే మోరీ, రోడ్డు, ఇంటి నేల ఎంత ఎత్తులో ఉండాలో చూపే లెక్క. ఆ పని గల్లీ చివర, మన మోరీ పెద్ద కాల్వలో కలిసే చోట మొదలుపెట్టండి. అక్కడి నుంచి నూరడుగులకు కనీసం ఆరంగుళాల వాలు లెక్కవేసుకుంటూ పైకి రండి. లెవల్ పైపులో గాలి బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది కనుక నీళ్లు పోసి రెండు చివరలనూ పక్కపక్కన పట్టి సరిచూసుకోండి. రోడ్డు పూర్తయ్యాక దాని పైమట్టం ఎక్కడికి వస్తుందో ప్రతి ఇంటి గోడ మీద ఎర్ర గీత పెట్టండి. బేస్‌మెంట్ ఆ గీత కంటే రెండడుగులు ఎత్తుండాలి. ఒకటిన్నర చాలునని మేస్త్రీలు అంటారు, ఒప్పుకోకండి.

ప్రభుత్వం ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ అయ్యాకే వస్తుంది కాబట్టి లబ్ధిదారులు గబగబా బేస్‌మెంట్ లేపేస్తారు. తక్కువ ఎత్తులో లేపితే ఆ ఇల్లు శాశ్వతంగా పల్లంలోనే ఉండిపోతుంది. పైగా 75 చదరపు గజాల లోపు స్థలంలో పై అంతస్తు ఒక్కటి వరకు కట్టే ఇంటికి 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం అనుమతి అవసరం లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. పేదలకు అది మంచిదే, అయితే గీతను, మట్టాన్ని కాపాడే బాధ్యత గల్లీ మీదే పడుతుంది.

తరువాతి పనులు తేలిక. కొలతలతో తీర్మానం రాసి, వార్డు కమిటీ సభ్యుల సంతకాలతో మున్సిపాలిటీలో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. ఇసుక, సిమెంటు, స్టీలు గల్లీ మొత్తానికి ఒకేసారి బేరమాడండి. గల్లీ నుంచి పోగైన డబ్బును బ్యాంకు ఖాతాలోనే ఉంచండి, ఇద్దరు మహిళల సంతకాలు లేకుండా తీయకూడదు.

రోడ్డు పని మొదలయ్యేనాటికి పాత సీసీని తవ్వి తీసేయమని తీర్మానంలోనే రాసి ఉండాలి. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం లెవల్ పైపు పట్టుకుని ఎర్ర గీతలన్నీ మళ్లీ చూడండి. కాంక్రీటు పోయడానికి రోడ్డు అంచుల్లో కట్టిన చెక్కల పైఅంచు ఎక్కడైనా ఎర్ర గీత దాటితే, ఇంజనీరు వచ్చి సరిచేసేదాకా మిక్సర్‌ను గల్లీలోకి రానివ్వకండి.