కొత్త కాలనీకి సర్కారు బడి: ఆగిన ఫైలును కదిలించే విధానం

హైదరాబాద్ శివార్లలో ఒకప్పుడు జొన్నచేలుగా ఉన్న భూములు ఇప్పుడు వరుస కాలనీలయ్యాయి, నిన్నటి గ్రామ పంచాయతీలు మున్సిపాలిటీలయ్యాయి, అయినా సర్కారు ప్రాథమిక పాఠశాల మాత్రం చాలాచోట్ల పాత ఊరి నడిబొడ్డునే మిగిలిపోయింది. కొత్త కాలనీకి బడి కావాలని వినతిపత్రం ఇచ్చి ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలనీ సంఘాలు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది: వారు బడిని అడగడానికి బదులు భవనాన్ని అడుగుతారు. భవనం అంటే స్థలం, అంచనాలు, నిధులు, టెండరు. బడి అంటే ఒక మంజూరు ఉత్తర్వు, ఇద్దరు ఉపాధ్యాయులు, పిల్లలు. ఈ రెండింటినీ ఒకే ఫైలులో కట్టిపెడితే, స్థలం తేలేదాకా బడి తెరుచుకోదు.

అడగడానికి ఆధారం చట్టంలోనే ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6వ సెక్షన్ ప్రకారం సమీపంలో బడి లేని చోట దాన్ని నెలకొల్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక సంస్థది. అందుకు ఇచ్చిన మూడేళ్ల గడువు 2013లోనే ముగిసింది. 1 నుంచి 5 తరగతులకు ‘సమీపం’ అంటే ఒక కిలోమీటరు నడక దూరమని నియమాలు చెబుతున్నాయి. ఇందులో ‘నడక’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. పటం మీద గీత గీసి కొలిస్తే 800 మీటర్లలో కనిపించే బడికి, రైలు పట్టాలనో ఔటర్ రింగు రోడ్డునో నాలానో చుట్టి వెళ్లేసరికి రెండు కిలోమీటర్లు దాటవచ్చు. కాబట్టి కాలనీ నుంచి పాత బడి దాకా ఒకసారి నడిచి, దూరాన్ని ఫోనులో నమోదు చేసి, పిల్లలు దాటవలసిన చోట్ల ఫొటోలు తీసి దరఖాస్తుకు జతచేయాలి.

తరువాతి పని ఇంటింటి సర్వే, ఫైలు బలమంతా దీని మీదే ఆధారపడుతుంది. కాలనీ జనాభా పదివేలని రాస్తే అధికారికి ఉపయోగం లేదు. పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఇంటి నంబరు, ఇప్పుడు చదువుతున్న బడి, దాని దూరం, తల్లి లేదా తండ్రి సంతకం ఉన్న పట్టిక కావాలి. ఈ ప్రాంతంలో బడి బయట పిల్లలెవరూ లేరని విద్యాశాఖ నుంచి జవాబు రావడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే ప్రైవేటు బడుల్లో చేరిన పిల్లలందరూ యూడైస్ (దేశంలోని బడుల వివరాలను నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) లెక్కల్లో బడిలో ఉన్నట్టే కనిపిస్తారు. అందుకే సర్కారు బడి తెరిస్తే తమ పిల్లలను అందులో చేర్పిస్తామన్న అంగీకారాన్ని పట్టికలోనే ఒక గడిగా పెట్టి, దాని కింద సంతకం తీసుకోవాలి. కాలనీ సంఘాల్లో ముందుండేవారి పిల్లలు సాధారణంగా ఆ బడికి రారు. వచ్చేది వాచ్‌మన్ల, తాపీ మేస్త్రీల, ఇళ్లలో పనిచేసే అమ్మల పిల్లలు, ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు. సర్వే వారి గుడిసెల దాకా వెళ్లకపోతే పట్టిక సగమే నిండుతుంది. 2025లో తెలంగాణ విద్యాశాఖ బడి లేని ఆవాసాల్లో, పట్టణ కాలనీల్లో కొత్త పాఠశాలలు తెరవాలని తలపెట్టినప్పుడు 20 మంది పిల్లలనే కొలమానంగా తీసుకుంది కనుక, ఆ సంఖ్యను చేరడం కష్టమేమీ కాదు.

ఈ పట్టికతో దరఖాస్తును మండల విద్యాధికారికి ఇచ్చి, నకళ్లను జిల్లా విద్యాధికారికీ మున్సిపల్ కమిషనర్‌కూ అందజేసి, ప్రతిచోటా తేదీతో కూడిన ముద్ర వేయించుకోవాలి. దరఖాస్తును మార్చిలో కాక వర్షాకాలం ముగిసేలోపే ఇవ్వడం మంచిది. బడులకు కేంద్ర, రాష్ట్రాల నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కోసం జిల్లాలు వార్షిక ప్రణాళికను ఆర్థిక సంవత్సరం మొదలుకాకముందే తయారుచేసి పంపుతాయి. ఆ ప్రణాళికలో పేరు లేని ఆవాసం మరో ఏడాది ఆగవలసిందే. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లో ఉన్న నెలల్లో కొత్త మంజూరులు జరగవు కాబట్టి ఆ లెక్క కూడా ముందే వేసుకోవాలి.

ఆ తరువాత ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. అడిగితే వచ్చే ‘పైన ఉంది’ అన్న సమాధానంతో ఏ పనీ జరగదు. సమాచారహక్కు దరఖాస్తుకు మండల కార్యాలయంలో 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10 రూపాయలు రుసుము, జవాబుకు గడువు 30 రోజులు. అందులో ఎందుకు ఆలస్యమైందని అడగకూడదు, ఎందుకంటే అభిప్రాయాలు చెప్పవలసిన బాధ్యత సమాచార అధికారికి లేదు. మా దరఖాస్తు మీద అధికారులు రాసిన నోట్‌ఫైలు (ఫైలులోని వ్యాఖ్యల పుటలు) నకలు, అది ఏ తేదీన ఏ సెక్షనుకు వెళ్లింది, ఇప్పుడు ఎవరి వద్ద ఉంది అని అడగాలి. ఆ నకలు చేతికి వస్తే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల వినతులు స్వీకరించే ప్రజావాణిలో మాట్లాడటానికి ఒక నిర్దిష్టమైన ప్రశ్న దొరుకుతుంది. అప్పటికీ కదలిక లేకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దాని మీద మూడు నెలల్లో నిర్ణయం రావాలి, నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఫైలు ఉపాధ్యాయ పోస్టుల దగ్గర ఆగితే కొత్త పోస్టులు కోరవద్దు. కొత్త పోస్టుకు ఆర్థికశాఖ ఒప్పుకోవాలి, ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీ రావాలి. 60 మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులుండాలని చట్టం చెబుతోంది. పిల్లలు తగ్గిపోయిన పక్క బడుల నుంచి ఆ ఇద్దరిని సర్దుబాటు చేయమని, ఆ బడుల పేర్లతో సహా అడిగితే జిల్లా స్థాయిలోనే పని తెమలవచ్చు.

ఎక్కువ కాలం పట్టేది స్థలమే. సంఘం తానుగా స్థలం చూపించదలిస్తే, ముందుగా దాని సర్వే నంబరును తహసీల్దార్ కార్యాలయంలో సరిచూసుకోవాలి: అది చెరువు శిఖమా (చెరువు నీరు నిలిచే భూమి), వక్ఫ్ భూమా, దేవాదాయ భూమా, కోర్టు వివాదంలో ఉందా అన్నది తేల్చుకోకుండా చూపిన స్థలం వల్ల రెండు మూడేళ్లు వృథా అవుతాయి. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగాను బడికి ఇవ్వమనడం సులువుగా తోస్తుంది గాని, పార్కు స్థలాన్ని మరో అవసరానికి మళ్లించడం కుదరదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు కేసులో తేల్చింది. కాలనీలో ఒక్కరు కోర్టుకెక్కినా పని ఆగిపోతుంది. బదులుగా, లేఅవుట్ ఆమోదపత్రంలో సామాజిక అవసరాలకు చూపిన స్థలం ఏదైనా ఉందేమో కమిషనర్ కార్యాలయంలో అడిగి చూడాలి.

స్థలం తేలేలోపు కమ్యూనిటీ హాలులోనో, ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనంలోనో, అద్దె ఇంట్లోనో జూన్‌లో తరగతులు మొదలుపెట్టమని దరఖాస్తులోనే రాయాలి. బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు ఉన్న చోటునే చూపాలి, లేకపోతే తనిఖీలో తిరస్కరిస్తారు. తెరిచిన వెంటనే 11 అంకెల యూడైస్ కోడ్ వచ్చిందో లేదో ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఆ కోడ్ లేని బడి నిధుల లెక్కల్లోకి రాదు, మధ్యాహ్న భోజనం బియ్యం కేటాయింపులోనూ చిక్కులు వస్తాయి.

ఇక స్థలం ఏదో ఒకనాడు చేతికి వచ్చినప్పుడు, భవనానికి నిధులు రాకపోయినా అదే వారంలో సర్వేయర్‌తో కొలిపించి, హద్దురాళ్లు పాతించి, సర్వే నంబరు, విస్తీర్ణం రాసిన బోర్డు పెట్టించాలి. పెరుగుతున్న పట్టణంలో ఖాళీ సర్కారు జాగా మీదకు బడి కంటే ముందు ఎవరో ఒకరి రేకుల షెడ్డు వస్తుంది.